చీటీలు నడిచిన దారి

"బారులు తీరే బుల్లి కాళ్ళూ, ఎవరింటికే, ఎవరింటికే..." ఆ తర్వాతి చరణం ఎంత తడుముకున్నా దొరకదు. చిన్నప్పటి పాట. రోజూ ఆ ముక్కే పాడుకుంటూ, కళ్ళద్దాల కార్ఖానాలో చివరి బల్ల దగ్గర అద్దాలు తుడిచేదాన్ని.

తొమ్మిదింటికల్లా కళ్ళజోళ్ళ దుకాణాల నుంచి ఆర్డరు చీటీలు వాటంతటవే మెట్లెక్కి వచ్చేవి. నా మనవరాలు ఒక్కోటీ చదివి, నంబరు వేసి, కింద వదిలేది. ఎవరి చేతులు ఖాళీగా ఉంటే ఆ బల్ల దగ్గరికి నడిచిపోయేవి. అరవై దాటాక నేను అక్షరాలు నేర్చింది వాటి మీదే.

యజమానికి ఇది చాల్లేదు.

"పని నడిపించే సాఫ్ట్‌వేర్ కొంటున్నాం. మూడు రకాలున్నాయి, ఏది మంచిదో నువ్వే తేల్చు" అన్నాడు మనవరాలితో. "కొన్నాక నీ కుర్చీతో పనుండదు."

తన కుర్చీని లాగేసేదాన్ని తనే ఎంచాలట! ఎంత బుద్ధో మహానుభావుడికి.

"చీటీలే నడుస్తున్నాయి కదండీ?" అంది మనవరాలు.

"నడిస్తే సరిపోదమ్మా. నడిచినట్టు తెర మీద కనబడాలి."

అమ్మేవాళ్ళు ముగ్గురు వచ్చారు. ఒకడిది రంగు గళ్ళు, ఒకడిది బాణాలు, మూడోవాడిది గంట కొట్టేది. మూడూ చేసే ఘనకార్యం ఒకటే: పనిచేసేవాణ్ణి ఆపి, పని చేశావా అని అడగడం. నెల్లాళ్ళు మావాళ్ళు ఒక్కో అద్దం లెక్కనీ ఆ మూడింటిలోనూ ఎక్కించారు. ఎందులో ఏది చూశారో గుర్తుండక, అది గుర్తుపెట్టుకోడానికి నాలుగోది తెచ్చారు!

రోజుకి ఇరవై జతలు అరగదీసే పెద్దాయన రెండు దగ్గర ఆగిపోయాడు.

"మిగతా పద్దెనిమిదీ ఏవయ్యా?" అన్నాను.

"వాటి గురించి టైపు చేస్తున్నానక్కా."

చివరి రోజు యజమాని అడిగాడు, "ఏది బాగుంది?"

"ఏదీ బాగాలేదు సార్. ఆ చీటీలకున్నపాటి బుద్ధి వీటికి లేదు."

"కుర్చీ మీద తీపితో చెబుతున్నావ్" అని, గంట కొట్టేది కొన్నాడు. మనవరాలు ఇంటికొచ్చేసింది. తుడిచే గుడ్డ మడిచిపెట్టి నేనూ వెంటే వచ్చాను. ఇంట్లో సంపాదించేవాళ్ళం మేమిద్దరమే. ఆ రాత్రి అది అన్నం కెలికి, తినకుండానే లేచింది.

మర్నాడు పదింటికి పెద్దాయన పనిముట్ల సంచితో మా గుమ్మంలోకొచ్చాడు. పొద్దుట్నించీ కార్ఖానా మెట్లెక్కిన చీటీ ఒక్కటీ లేదట. తెర మాత్రం గంట కొట్టి, మిగిలిన పని సున్నా అని చూపించిందట. యజమాని మురిసిపోయి అందరిచేతా చప్పట్లు కొట్టించాడట!

ఆయన వెనకాల వీధిలో కాగితాల గరగర. మనవరాలు చీపురు గోడకానించి, వంగి చూసి, నావైపు తిరిగింది.

"అమ్మమ్మా, కాళ్ళు కాస్త పక్కకి తియ్యి. పనొచ్చింది."