పదకొండు నిమిషాల పెట్టె

హలో, వినపడుతోందా అండీ? అందరికీ నమస్కారం. చేతిలో పనుంటే మానక్కర్లేదు, చేసుకుంటూనే వినండి. ఇది ఒక పాత కంప్యూటర్ సంగతి. రోజూ పొద్దున్నే దాని ముందు కూర్చునే ఒక ఇల్లాలి సంగతి కూడా.

ఆవిడ ఇంట్లోనే కూర్చుని ఒక ప్రెస్సుకి టైపు చేస్తుంది. ఎవరెవరో చేత్తో రాసిన నవలలూ, జ్ఞాపకాలూ కట్టలుగా వస్తాయి. తొమ్మిదేళ్లుగా ఇదే పని. వంటింటికీ పడగ్గదికీ మధ్య నడవాలో, బట్టల బీరువాకి ఆనించి ఒక బల్ల. దాని మీద, ఒకప్పుడు తెల్లగా ఉండి ఇప్పుడు పాచి పళ్ల రంగుకి తిరిగిన పెట్టె.

స్విచ్ నొక్కాక అది తెరుచుకోవడానికి పదకొండు నిమిషాలు పడుతుంది. మధ్యలో రెండు మూడుసార్లు ఆగి, ఒక మీట నొక్కమంటుంది. ఆ సమయానికి మనిషి లేకపోతే అలిగి ఆరిపోతుంది. మళ్లీ మొదటి నుంచి. చాలాకాలం కిందట భర్తకి ఆఫీసు కాగితమేదో అర్జంటుగా కావాల్సివచ్చిన పొద్దున, అత్తగారు వేడినీళ్లకి పిలిస్తే ఈవిడ లేచి వెళ్లింది. పెట్టె ఆరిపోయింది. ఆయనకి ఆలస్యమైంది. ఇల్లంతా దద్దరిల్లేలా అరిచారు: "అది తెరుచుకునేదాకా దీన్ని ఎవరూ లేపకండి!"

'దీన్ని' అంటే ఈవిడని.

ఆ తర్వాత ఆయనకి ఆఫీసులోనే అన్నీ అమరాయి, మళ్లీ ఈ పెట్టె జోలికి రాలేదు. కూతురు 'అమ్మ డబ్బా' అని దాన్ని తాకను కూడా తాకదు. ఆ కట్టడి మాత్రం అలాగే మిగిలిపోయింది. ఫ్యాను గురగుర ఒక్కటే వినపడుతోందంటే ఇంకా తెరుచుకోలేదని అర్థం. మీటల టకటక మొదలైందంటే తెరుచుకున్నట్టే, ఇక ఎవరైనా కేకెయ్యొచ్చు. టైపే కదా, ఆపి మళ్లీ కొట్టుకోవచ్చు అని వాళ్ల ధీమా.

అలా ఆవిడకి రోజుకి పదకొండు నిమిషాలు దక్కాయి. ఏం చేసేదీ అంటే, ఏమీ లేదు. ఎప్పుడు మీట నొక్కమంటుందోనని నల్లటి తెర వంక చూస్తూ, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. తెరలో తన మొహమే మసగ్గా కనపడేది. ఇది నేనేనా, పెళ్లికి ముందు గట్టిగా నవ్వేదాన్ని కదా, ఆ నవ్వు ఎప్పుడు ఆగింది, ఎవరైనా ఆపమన్నారా, నేనే ఆపేశానా, అవును, ఆడపిల్లకి అంత నవ్వేంటని అత్తగారు అన్నది మొదటి వారంలోనే కదా, ఆ మాట విని ఈయన కూడా నవ్వారు కదా... ఇలా ఒక తలపు చివరిదాకా వెళ్లేది ఆ పదకొండు నిమిషాల్లోనే. మిగతా రోజంతా ఏ తలపూ సగం దాటేది కాదు.

కానీ పెట్టె మరీ ముసలిదైపోయింది. పేజీ మధ్యలో బిగుసుకుపోతోంది. ప్రెస్సులో పని చూసే ఆవిడ ఫోన్ చేసి, "ఏమీ అనుకోకమ్మా, ఈ నెల కూడా లేటైతే పని వేరేవాళ్లకి ఇచ్చేస్తాం" అంది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే భర్త తేలిగ్గా తేల్చేశారు.

"పారేద్దాం. శనివారం కొత్తది తెస్తా. పెద్ద తెర. హాల్లో పెడితే అందరికీ పనికొస్తుంది."

"టక్కున తెరుచుకుంటుందటగా?" అన్నారు అత్తగారు. "అయితే పొద్దున్నే నా కాళ్లకి కాస్త నూనె రాయడానికి తీరిక దొరుకుతుంది నీకు."

"నా కాలేజీ రికార్డులు కూడా కొట్టిపెట్టమ్మా. నీకు స్పీడుగా!" అంది కూతురు.

"మా ఆఫీసు ఉత్తరాలు కూడా నువ్వే కొట్టేయొచ్చు. బోలెడు టైం మిగులుతుందిగా!" అన్నారు భర్త.

చేతిలో గరిటె ఇంకా దించనే లేదు, ఆవిడ పదకొండు నిమిషాలూ ముగ్గురి కంచాల్లోకీ వెళ్లిపోయాయి. పెట్టె మార్చకపోతే పని పోతుంది. మారిస్తే ఆ నిమిషాలు పోతాయి. ఏమని చెప్పుకోవాలి? చెడిపోయిన పెట్టె ముందు ఊరికే కూర్చోవడం నాకు కావాలండీ అనా?

"ముందు రిపేరుకి చూపిద్దామండీ" అంది.

"నీ ఇష్టం. మీ ఇద్దరికీ బాగా కుదిరింది. అదీ కదలదు, నువ్వూ కదలవు."

మర్నాడు మధ్యాహ్నం, అత్తగారు కునుకు తీస్తుండగా రిపేరు చేసే ఆవిడ వచ్చింది. యాభై దాటిన మనిషి. ముడిలో స్క్రూడ్రైవర్ గుచ్చుకుని ఉంది. పెట్టె మూత తీసి, "ఏంటమ్మాయ్, ఈ దుమ్ముతో దిండు కుట్టొచ్చు!" అంది. తర్వాత, "చూడూ, పాత డిస్కు తీసి, అందులోవన్నీ ఎక్కించి కొత్త రకంది వేస్తా. మెమరీ పెంచుతా. ఈ బిళ్లంత బ్యాటరీ చచ్చిపోయింది, అందుకే మాటిమాటికీ మీట నొక్కమంటోంది, అదీ మారుస్తా. పన్నెండు సెకన్లలో తెరుచుకుంటుంది. టైపు పనికి కొత్తది కొనడం దండగ."

"బయటికి ఏమైనా తేడా కనిపిస్తుందా అండీ?"

"ఏం కనిపిస్తుంది? డబ్బా అదేగా. ఫ్యాను కూడా మార్చేస్తా, చప్పుడే ఉండదు."

"ఫ్యాను వద్దు."

"అదేంటి? చెవులు చిల్లులు పడుతుంటే!"

ఆవిడ గొంతు తగ్గించింది. "అది మోగుతున్నంతసేపే నన్నెవరూ పిలవరండీ."

రిపేరావిడ కళ్లజోడు మీదుగా ఒకసారి చూసింది. అత్తగారు పడుకున్న గది వైపూ చూసింది.

"పోనీ దుమ్మైనా దులపనా? దులిపితే మోత కొంచెం తగ్గుతుంది మరి."

"అయితే అదీ ఉండనివ్వండి."

రిపేరావిడ భుజాలు కదిలేలా, చప్పుడు లేకుండా నవ్వింది. "మా ఇంట్లో కుట్టుమిషను పదిహేనేళ్లుగా బెల్టు తెగే ఉందమ్మాయ్. నేను దాన్ని బాగుచేస్తూనే ఉన్నా" అంది.

సాయంత్రం భర్త అడిగారు, "ఏమంది?"

"ఇంకొన్నాళ్లు లాగుతుందట."

"నే చెప్పలా!" అన్నారు. శనివారం కొత్తది రాలేదు. పేజీలు ప్రెస్సుకి గడువుకి ముందే చేరుతున్నాయి. ఎలాగని ఇంట్లో ఎవరూ అడగలేదు. అంతకుముందు మాత్రం ఎప్పుడు అడిగారు గనక!

రిపేరు చేయించిన మర్నాటి పొద్దుటి మాట ఒకటుంది, అది చెప్పి ఆపేస్తా. ఆవిడ స్విచ్ నొక్కింది. ఫ్యాను గుర్రుమంది. పన్నెండు సెకన్లలో తెర తెల్లగా వెలిగింది. అలవాటుగా చేతులు మీటల మీదకి వెళ్లి, గాలిలోనే ఆగిపోయాయి.

"అమ్మాయ్, తెరుచుకుందా?" వంటింట్లోంచి అత్తగారు.

సొంత ఇంట్లో, తన పొద్దుని తనే దొంగిలించుకోవాల్సి వస్తోంది. సిగ్గేసింది. ఆ సిగ్గు తనదేనా అని ఒక తలపు వచ్చింది. అది సగంలో ఆగలేదు.

"ఇంకా లేదత్తయ్యా."

మౌసు మెల్లగా కదిపి, తొమ్మిదేళ్ల కిందట తను మొట్టమొదట టైపు చేసిన నవల తెరిచింది. అప్పుడు తప్పుల కోసం అక్షరాలు చూసిందే కానీ కథ చదవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, మొదటి వాక్యం నుంచి చదవడం మొదలుపెట్టింది.

ఈ కథ మీకు తెలిసిన ఇల్లాలెవరికైనా పంపండి. వాళ్లింట్లో మాత్రం ఎవరికీ పంపకండి, మీకు పుణ్యముంటుంది. జవాబు వెంటనే రాకపోతే ఏమీ అనుకోవద్దు. ఆవిడ పెట్టె ఇంకా తెరుచుకోలేదేమో.