విత్తనపు వడ్లు

తను శంఖం గట్టిగా ఊదలేదేమో. గాలి ఎదురుగా ఉందేమో. లేదా వాళ్లు విన్నారు, విని అటు తిరిగి పడుకున్నారు. అర్తిబోనిత్ లోయలో శంఖం మోగితే ఇంటికొకరు పార భుజాన వేసుకుని చేను తవ్వడానికి రావాలి. వచ్చినవాళ్లకు ఆసామి తన చేలో పండిన బియ్యమే వండిపెట్టాలి. ఆ మర్యాద ముందుగా తప్పింది తానేనని వాళ్లకు తెలిసిపోయిందా? గట్టు మీద కూర్చున్న సెనాత్యుస్‌ను తొలుస్తున్నది అదే.

నిరుడు తను పెట్టింది మయామీ బియ్యం. రేవులో దిగుమతి పన్ను తగ్గించాక పైదేశం నుంచి ఓడల్లో వచ్చి పడుతున్న ఆ బియ్యం ముందు అతని వడ్లను అడిగేవాడు లేడు. అయినకాడికి అమ్మి, ఆ డబ్బుతో ఆ బియ్యమే కొన్నాడు. తిన్నవాళ్లెవరూ పల్లెత్తు మాట అనలేదు. అంతకంటే ఘోరం, అది రుచిగా ఉంది. రాయి తగలకుండా, మెత్తగా. అతని నాలుకే అతనికి ఎదురు తిరిగింది. ఆ సంగతి భార్యకు కూడా చెప్పుకోలేదు.

ఇప్పుడు ఇంట్లో మిగిలింది సొరకాయ బుర్రలోని విత్తనపు వడ్లే. నలుగురూ వచ్చి మట్టి కదిలిస్తే అవి చేలో పడతాయి. లేకపోతే ఇక ఆ చేలో వరి లేదు.

గట్టు మీద పక్కింటి ఫెనెలోన్ ఒక్కడే వస్తూ కనిపించాడు. పార లేదు, చంకలో బట్టల మూట ఉంది.

"పార ఏది బావా?"

"అమ్మేశా. సరిహద్దు అవతలికి పోతున్నాం, చెరకు నరకడానికి. మనోళ్లంతా లారీ దగ్గరే ఉన్నారు. నీ శంఖం విన్నాంలే. ఎవరో పోయారనుకుని ఒకడు టోపీ కూడా తీశాడు."

"మనకు చేతనైంది వరి గదా."

"రేడియోలో ఆ మాటే చెప్పారు. ఎవరికి చేతనైంది వాళ్లు అమ్ముకుని, మిగతాది చౌకగా కొనుక్కుంటే దేశం రాబడి పెరుగుతుందంట. మనకిప్పుడు నడుం వంచడమే చేతనవును. అదే అమ్ముతున్నాం."

"ఆ రాబడిలో మనం ఏ మూల ఉన్నాం?"

"కొనేవాళ్లలో ఉన్నాం గదా. అదీ చేతిలో డబ్బున్నన్నాళ్లు." ఫెనెలోన్ గొంతు తగ్గించాడు. "తినడానికేమన్నా ఉందా? నిరుడు నీ అన్నం బాగుంది."

"అది నా చేలోది కాదు."

"తెలీదా ఏంటి? మా ఇళ్లలోనూ అదేగా."

ఏడాదిగా దాచుకున్న సిగ్గు ఒక్కసారిగా దేనికీ పనికిరాకుండా పోయింది. అది ఉన్నన్నాళ్లూ తను ఎవరికో జవాబు చెప్పాలనుకున్నాడు. అడిగేవాళ్లంతా ఇప్పుడు లారీ దగ్గర ఉన్నారు. లోపల వెతికితే దుఃఖం కూడా దొరకలేదు.

"నీళ్లు మరుగుతున్నాయి," గుమ్మంలోంచి భార్య ఒరానీ అంది. "ఏం పొయ్యమంటావు?"

సెనాత్యుస్ లేచి లోపలికి వెళ్లాడు. దూలానికి వేలాడుతున్న బుర్ర దించి, వడ్లు రోట్లో పోశాడు. ఒరానీ ఖాళీ బుర్ర అందుకుంది. అతను రోకలి ఎత్తి, మొదటి పోటు వేశాడు.