పద్నాలుగు గేట్లు

ఫిబ్రవరి పద్దెనిమిది, మంగళవారం. రెటా వావ్రా నింపి ఇచ్చిన కాగితాన్ని హోలిస్ ప్రాట్ రెండుసార్లు చదివాడు. తయారుచేసినవి: పదిహేను. బిగించినవి: పద్నాలుగు. అమ్మినవి అన్న గడిలో ఏమీ లేదు.

"ఇక్కడ రాయడం మర్చిపోయావా?"

"లేదు."

"అంటే సున్నా అన్నమాట."

"సున్నా ఎందుకవుతుంది? పద్నాలుగు గేట్లకున్నాయి. వెళ్లి చూసుకోండి."

కమ్యూనిటీ కాలేజీ తన పాత డీజిల్ షెడ్డులో మూడేళ్ల కిందట ఆరు పనిబల్లలు వేసింది. ఏదైనా తయారుచేసి సొంతంగా అమ్ముకోవాలనుకునే వాళ్లకు అక్కడ ఒక బల్ల, కరెంటు, వెల్డింగు మిషను, ఇనుము కోసే యంత్రం ఇస్తారు. వారానికి రెండు సాయంత్రాలు ప్రాట్ పాఠం చెబుతాడు. షరతు ఒకటే. ఫిబ్రవరి ఆఖరి శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు లోపు ఐదు అమ్మకాలు చూపించాలి. చూపించకపోతే బల్ల వరుసలో ఉన్న తరువాతి మనిషికి పోతుంది. ఆ ఏడాది వరుసలో పదకొండు మంది ఉన్నారు.

రెటాకు నలభై మూడేళ్లు. ఉదయం, సాయంత్రం స్కూలు బస్సు నడుపుతుంది. మధ్యలో ఉన్న ఐదు గంటలు షెడ్డులో ఉంటుంది. ఇంట్లో ఉన్నది తండ్రి వాడిన వెల్డింగు మిషను. మందపాటి ఇనుమును అతుకుతుంది, పలుచటి రేకు పెడితే చిల్లు పడుతుంది. ఆమె పనికి కావలసింది పలుచటి రేకు. బల్ల పోతే పని అక్కడితో ఆగిపోతుంది.

ఆమె తయారుచేసింది గేటు గొళ్ళెం. ఆవులు ఈనే కాలంలో మనిషి చేతుల మధ్య దూడ ఉంటుంది, గేటు తీయడానికి చెయ్యి ఖాళీ ఉండదు. ఈ గొళ్ళేన్ని మోచేత్తో నొక్కితే తెరుచుకుంటుంది. వదిలితే గొట్టంలో ఉన్న స్ప్రింగు దాన్ని మూసేస్తుంది.

"ఒక్కడి దగ్గరా ఒక్క డాలరు తీసుకోలేదా?" అన్నాడు ప్రాట్.

"పొరుగువాళ్ల దగ్గరా? ఏం మాట్లాడుతున్నారు హోలిస్? మా దూడలకి ముద్ర వేసే రోజు ముప్పై మంది వస్తారు, ఎవరి గుర్రం వాళ్లు తెచ్చుకుంటారు. తిండి పెట్టి పంపిస్తాం. వాళ్ల రోజున మేం వెళ్తాం. ఇంతవరకూ ఎవడైనా చెయ్యి చాపాడా?"

"నేనూ ఈ జిల్లావాణ్ణే. పదహారేళ్లు బావి పంపులు బాగుచేశా, సగం మందికి ఊరికే. నా కొట్టు ఎందుకు మూతపడిందనుకున్నావ్?"

"మీరు మంచోళ్లు కాబట్టి."

"తిక్కలోణ్ణి కాబట్టి. సరే, నాకొకటి చెప్పు. ఒక్కో ఇంటికి పది గేట్లుంటాయి గదా. పద్నాలుగు మందిలో ఇంకోటి కావాలన్నది ఎంతమంది?"

రెటా లెక్క వేసుకుంది. "ఎవరూ అడగలేదు. కానీ అందరూ బాగుందనే అన్నారు."

"అంటారు. ఊరికే వచ్చినదాన్ని బాగాలేదనే మనిషిని ఈ జిల్లాలో ఒక్కణ్ణి చూపించు."

మర్నాడు పిల్లల్ని బడి దగ్గర దింపి, రెటా తన ట్రక్కులో మెర్ల్ ఓస్గార్డ్ ఇంటికి వెళ్లింది. మెర్ల్‌కు డెబ్బై నాలుగు. ఆమె చేసిన మొదటి గొళ్ళెం ఆయన గేటుకే బిగించింది. రెండోది కొనమని అడగడానికి వచ్చింది. దారి పొడవునా ఆ మాట ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచించింది.

గేటు దగ్గర ట్రక్కు ఆపి దిగింది. గొళ్ళెం ఉన్నచోటే ఉంది. దాని కింద గేటునీ స్తంభాన్నీ కలిపి ఒక గొలుసు రెండు చుట్లు చుట్టి ఉంది. గొలుసు మీద గడ్డిమోపు తాడు. రెటా మోచేత్తో గొళ్ళేన్ని నొక్కింది. కదలలేదు. రెండు చేతులతో నొక్కింది. కదలలేదు.

కొట్టంలోంచి మెర్ల్ వచ్చాడు. "అదా? గాలికి గేటు కొట్టుకుంటోందని గొలుసేశా."

"గొళ్ళెం కదలట్లేదు, మెర్ల్."

"పొద్దున పూట కాస్త బిగుసుకుంటుంది. మధ్యాహ్నానికి బానే ఉంటుంది."

"ఎప్పటినుంచి?"

ఆయన కుక్క వైపు చూశాడు. "క్రిస్మస్ నుంచి."

"రెండు నెలలా! నాకొక్క మాట చెప్పొద్దూ? చర్చిలో మూడు ఆదివారాలు అడిగాను మిమ్మల్ని."

"ఎలా చెప్పమంటావే పిల్లా? ఊరికే ఇచ్చావు. చలిలో నిలబడి నీ చేతుల్తో బిగించావు. మా ఆవిడ ఎయిలీన్ నీకు ఆపిల్ తీపిరొట్టె కూడా చేసిచ్చింది. ఆ తర్వాత నేనొచ్చి నీ గొళ్ళెం పనికిరాదంటే మనిషినేనా?"

"అందుకని అబద్ధం చెప్పారు."

"అబద్ధం కాదమ్మా. మొహమాటం."

కొనమని అడగకుండానే ఆమె ట్రక్కు ఎక్కింది. సాయంత్రం బస్సు వేళ వరకు తక్కిన పదమూడు గేట్లూ తిరిగింది. పది గేట్లకు గొలుసో తాడో ఉంది, ఒకదానికి కుక్క పట్టీ. తెరుచుకున్నవి రెండు, రెండూ మధ్యాహ్నపు ఎండ తగిలేచోట ఉన్నాయి. మొదటి మూడు ఇళ్లలో కాఫీ ఇచ్చి గొళ్ళెం బాగుందన్నారు. నాలుగో ఇంటినుంచి ఆమె లోపలికి వెళ్లలేదు. గేటు చూసుకుని వచ్చేసింది.

ఆ సాయంత్రం షెడ్డులో ఒక గొళ్ళేన్ని నిలువునా కోసింది. మెర్ల్ గేటుది కాదు, బల్ల మీద మిగిలిన పదిహేనోది. కోయకముందు దాన్ని నీళ్లలో ముంచి బయట ఉంచితే గంటలో బిగుసుకుంది. గొట్టం లోపల స్ప్రింగు చుట్టూ మంచు. మధ్యాహ్నం కరిగిన మంచు గొట్టంలోకి దిగుతుంది, పొద్దు వాలగానే గడ్డ కడుతుంది. ఏ చిన్న కుర్రవాడైనా ఊహించగలిగే సంగతి. ఆమె అక్టోబరులో తయారుచేసి అక్టోబరులోనే పరీక్షించింది.

ప్రాట్ రెండు ముక్కలనూ చేతిలోకి తీసుకున్నాడు. "ఇంకా తొమ్మిది రోజులుంది. గ్రీజు రాసి సరిపెడతావా?"

"స్ప్రింగు తీసేస్తా."

"మరి మూసేదేంటి?"

"బరువు. గొళ్ళెం నాలుకని బరువుగా చేస్తే అదే కిందికి పడుతుంది. గొట్టం ఉండదు, కింద అంతా తెరిచే ఉంటుంది. నీళ్లు నిలవ్వు."

"ఆవు వీపు రుద్దుకుంటే నాలుక పైకి లేవదూ?"

"లేవకుండా చేస్తా."

మొదటిది లేచింది. ఎవరి ఆవు కోసమూ ఆగకుండా, గేటుకు తన భుజమే రుద్ది చూసుకుంది. రెండోది లేవలేదు గానీ బురద పడితే సగంలో ఆగిపోయింది. మూడోదానికి నాలుక వెనక ఒక పన్ను పెట్టింది, కింద బెజ్జం వెడల్పు చేసింది. ఆదివారం చర్చికి వెళ్లలేదు.

అప్పటికి చలి తగ్గిపోయింది. సోమవారం బయట చూరుల నుంచి నీళ్లు కారుతున్నాయి. గొళ్ళేన్ని పరీక్షించడానికి మంచు లేదు. వంట విభాగంలో మనిషి లోపలికి నడవగలిగే ఫ్రీజరు ఉంది. దాని తాళం డెలోరెస్ దగ్గర ఉంటుంది. ఇరవై ఏళ్లుగా వంట నేర్పుతోంది ఆమె.

"నా కోళ్ల మధ్య గేటు పెడతావా?"

"గేటు కాదు. చిన్న స్తంభం ముక్క."

"తుప్పు రాలిందో, నిన్ను కూడా కోసి పొట్లం కట్టి అరలో పెడతా. మీద తేదీ కూడా రాస్తా."

రెటా నీళ్లు పోసి రెండు గంటలు ఉంచింది. తీసి నొక్కింది, తెరుచుకుంది. మళ్లీ పోసింది. రెండు రోజుల్లో ఆరుసార్లు. ఆరోసారి డెలోరెస్ రొట్టెల పళ్లెం పట్టుకుని వచ్చి తన మోచేత్తో నొక్కి చూసింది. నాలుక లేచి, పడింది.

"బాగుందే! మా వంటగది వెనక గేటుకి ఒకటి కావాలి నాకు."

రెటా నోరు తెరిచింది. అరవై ఐదు డాలర్లు అన్న మాట పళ్ల దాకా వచ్చింది. "తీసుకో. ఫ్రీజరు ఇచ్చావు గదా," అంది.

తలుపు దగ్గర నిలబడ్డ ప్రాట్ విన్నాడు. "ఊరికే ఇచ్చినవి పదిహేను," అని మాత్రం అని వెళ్లిపోయాడు.

గురువారం ఆమె బస్సుకు వేరే డ్రైవరును పెట్టించి తొంభై మైళ్ల దూరంలో ఉన్న పశువుల వేలానికి వెళ్లింది. అంత దూరంలో తనను ఎవరూ ఎరగరని లెక్క. ట్రక్కు వెనక భాగంలో స్తంభం, గేటు ముక్క, దానికి గొళ్ళెం. ఎనిమిది గంటలకు నిలబడింది. మొదటి మనిషి ధర అడిగాడు. చెప్పింది. "అబ్బే" అని వెళ్లిపోయాడు. రెండోవాడు మూడుసార్లు నొక్కి, చేతితొడుగు తీసి నొక్కి, ఒకటి కొన్నాడు. పదకొండింటికి ఇంకొకటి పోయింది. మధ్యాహ్నం జనం గిన్నెల్లో చిల్లీ అనే మాంసం కూర, దాల్చినచెక్క రొట్టెలు పట్టుకుని బయటకు వచ్చారు. వాళ్లలోంచి ఒకామె చెక్కు మీద రాయవలసిన పేరు అడిగింది.

"వావ్రా? ఎమిల్ వావ్రాకి ఏమవుతావ్?"

"కూతుర్ని."

"అయ్యో, ఎమిల్ కూతురివా! నా చిన్నప్పుడు మా మంద మంచుతుఫానులో చిక్కుకుంటే మీ నాన్న రెండు రోజులు మాతో తిరిగాడు. మా అమ్మ పోయేదాకా ఆయన పేరు చెప్పేది."

ఇలాంటి మాట తరువాత వస్తువుకు ధర చెప్పడం రెటా ఇంట్లో ఎవరూ చేయలేదు. ఆమె ట్రక్కు అంచును పట్టుకుంది.

"ఒక్కోటి అరవై ఐదు," అంది.

"తెలుసు, ఇందాకే విన్నా. రెండియ్యి."

నాలుగు గంటలకు ట్రక్కులు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. అమ్మినవి నాలుగు.

శుక్రవారం తొమ్మిదింటికి ఆమె మెర్ల్ గేటు దగ్గర ఉంది. ముందు పాత గొళ్ళెం మరలు విప్పి ట్రక్కులో వేసింది. కొత్తది బిగిస్తుండగా బీడులోంచి మెర్ల్ వచ్చాడు. రాత్రి పుట్టిన దూడ ఆయన చేతుల మధ్య ఉంది, తల్లి వెనక నడుస్తోంది.

"ఏం చేస్తున్నావ్?"

"నా తప్పు నేను తీసుకుపోతున్నా. ఇది కొత్తది. వాడి చూడండి. నచ్చితే అరవై ఐదు. లేకపోతే విప్పుకుపోతా, మీ గొలుసు మీకుంటుంది."

"అరవై ఐదేంటి?"

"డాలర్లు."

"నా దగ్గరా?"

"మీ దగ్గరే."

మెర్ల్ దూడను పైకి సర్దుకున్నాడు. "మీ నాన్న పోయినప్పుడు వారం రోజులు మీ ఆవులకి మేతేశా. బిల్లు పంపానా?"

రెటా చేతిలో రెంచి ఆగింది. "పంపలేదు. మే నెలలో మీ దూడలకి ముద్ర వేసేటప్పుడు నేనొస్తా, నేనూ పంపను. అది ఇరుగుపొరుగు. ఇది నా పని, మెర్ల్. బస్సు నడిపితే జీతమిస్తున్నారు, ఎవరూ తప్పనట్లేదు గదా."

ఆమె ఆఖరి మర బిగించి పక్కకు తప్పుకుంది. ఆయన మోచేత్తో నొక్కాడు. గేటు తెరుచుకుంది. ఆయనా, వెనక ఆవూ లోపలికి నడిచాక ఆమె గేటును తోసింది. నాలుక పడింది.

దూడను కొట్టంలో దించి ఆయన తిరిగి వచ్చాడు. పదిసార్లు నొక్కాడు. బూటుతో తన్నాడు. తొట్టిలోంచి నీళ్లు తెచ్చి పోశాడు, అవి కింద నేల మీద పడ్డాయి.

"చప్పుడెక్కువ," అన్నాడు. "కొత్తగా ఈనిన ఆవు బెదురుతుంది."

రెటా జేబులోంచి పెన్సిలు తీసింది. "ఇంకా?"

"అంచు పదునుగా ఉంది. తొడుగు చిరుగుతుంది. ఇదిగో, చిరిగింది కూడా."

"ఇంకా?"

"అరవై ఐదెక్కువ. పట్నం కొట్లో గొళ్ళెం పన్నెండు."

"దానికి రెండు చేతులు కావాలి."

"అరవై."

"అరవై ఐదు."

"మీ నాన్నకి ఇంత మొండితనం లేదు."

"ఉండేది. ఆయన ఏదీ అమ్మలేదంతే."

మెర్ల్ ఇంట్లోకి వెళ్లాడు. ఆయన భార్య ఎయిలీన్ గుమ్మంలోంచి కాఫీకి రమ్మని కేక వేసింది. "ఇవాళ కుదరదు, పన్నెండు లోపు కాలేజీలో ఉండాలి," అని రెటా జవాబు కేక వేసింది. మెర్ల్ చెక్కు తెచ్చి, మడవకుండా ఇచ్చాడు.

"ఇంకా ఏడు గేట్లున్నాయి నాకు. ఆ చప్పుడు సంగతి తేల్చేదాకా రెండోది కొనను."

"మంగళవారం వస్తా."

పదకొండూ ఇరవైకి ప్రాట్ ఆమె కాగితం అందుకున్నాడు. ఐదు పేర్లూ చదివి చివరి దాని దగ్గర ఆగాడు.

"మెర్ల్ ఓస్గార్డ్ డబ్బిచ్చాడా?"

"తిడుతూ ఇచ్చాడు."

ప్రాట్ సంతకం చేశాడు. రెటా మూడో బల్ల దగ్గరకు వెళ్లి, తయారుగా ఉన్న గొళ్ళేల్లోంచి ఒకటి తీసి, నాలుక అంచుకు ఆకురాయి పట్టింది.