ఒక అక్షరం ఎక్కువైన గుమ్మం

అక్కది ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షల పని. ఆ ఫలితాలను వార్డు తెరలకు చేర్చే జావా ప్రోగ్రాము చెల్లెలిది. ఒకే భవనంలో ఒకరు కింద, ఒకరు పైన. ఆ రోజు పొద్దున్నే అక్క ఫోను చేసింది.

"ఏమే, నేను పంపిన రిపోర్టులు ఏ గంగలో కలుస్తున్నాయి? వార్డులో ఒక్కటీ కనబడటం లేదట."

చెల్లెలు ప్రోగ్రాములో కొత్త మార్పు పెట్టింది నిన్న సాయంత్రమే. తెర చూస్తే తప్పు జరిగిన జాడే లేదు. ప్రతి ఫలితం పక్కనా "పంపడమైనది" అనే ఉంది.

మేనేజరు వెనకాల నిలబడ్డాడు. ఆఫీసంతా ఆయన్ను చాటుగా తొందరయ్య అంటారు.

"ఆపేసి పాత ప్రోగ్రాము పెట్టెయ్యమ్మా, గొడవ వదులుతుంది."

"వద్దు సార్. పంపినవన్నీ ఇంకా మెమరీలోనే ఎక్కడో ఉన్నాయి. ఆపితే గాలికి పోతాయి."

అంతలో అక్క మెట్లెక్కి రొప్పుతూ వచ్చింది. "మా దగ్గర నకళ్ళు ఉండవు, పోతే మళ్ళీ సూది గుచ్చాలి. నిన్న పుట్టిన పాప కూడా ఉందందులో. నరం దొరకడానికే నానా తిప్పలు పడ్డాం."

తొందరయ్య కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు.

ప్రోగ్రాములో సందేశం వెళ్ళి చేరే గుమ్మాన్ని ఎండ్‌పాయింట్ అంటారు. ఇప్పుడున్న గుమ్మాలన్నీ చూపించమని చెల్లెలు ప్రోగ్రామునే అడిగింది. పేర్లు తెరమీద బారులు తీరాయి. వాటిమీద వేలు పెట్టి చదువుకుంటూ పోయి ఒకచోట ఆగింది. "వార్డ్ రిజల్ట్". దాని కిందే "వార్డ్ రిజల్ట్స్". ఆమె పెట్టింది ఒక్క గుమ్మమే. రెండోది ఎక్కడిది?

ఒక్కసారిగా తట్టింది. కుర్చీ వెనక్కి జరిగేలా లేచింది.

"అక్కా, దొరికింది! పేరు చెప్పి గుమ్మం వెతకమంటే, అది లేకపోతే లేదని చెప్పదే ఈ ప్రోగ్రాము. ఆ పేరుతో కొత్తది కట్టేసి ఇదిగో అంటుంది. నేను ఒక అక్షరం ఎక్కువ రాశాను. మార్పు పెట్టినప్పట్నుంచీ అన్నీ ఆ కొత్త గుమ్మం ముందే పడి ఉన్నాయి. తీసుకునేవాళ్ళు లేరంతే."

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికామన్నమాట. అయితే పాడవలేదుగా?"

"ఒక్కటి కూడా."

నడుస్తున్న ప్రోగ్రాములోనే కొత్త దారి కలిపే వీలుంది. తప్పు గుమ్మం నుంచి అసలు గుమ్మానికి దారి వేసింది. ఈసారి ఒక్కో అక్షరం పైకి చదువుతూ కొట్టింది. అక్క వార్డు నర్సుకు ఫోను కలిపి స్పీకరు పెట్టింది.

"ఏం రావట్లేదండీ... ఉండండి. వస్తున్నాయి. అమ్మో, జలజలా వచ్చిపడుతున్నాయి." మరుక్షణం ఆమె గొంతు మారింది. "పాపకు షుగర్ బాగా తగ్గింది. డాక్టరుగారిని పిలుస్తున్నా, ఉంటాను."

చెల్లెలు ఊరికే కూర్చోలేక ప్రోగ్రాములో తప్పు పేరు రాసిన ఆ వరుస దిద్దింది. కొత్తది కట్టకుండా, ఆ పేరుతో గుమ్మం ఉందో లేదో మాత్రం చెప్పే పిలుపు ఒకటుంది. దాన్నే రాసి, గుమ్మం లేకపోతే ప్రోగ్రాము తప్పు జరిగిందని గట్టిగా కేకవేసేలా చేసింది.

మళ్ళీ ఫోను మోగింది. పాపకు గ్లూకోజు ఎక్కించారట, కళ్ళు తెరిచి ఏడుస్తోందట.

"పద, చూసొద్దాం," అంది అక్క. లిఫ్టు కోసం ఆగకుండా ఇద్దరూ కింద ఉన్న వార్డుకు మెట్లు దిగారు. సగం దిగేసరికే ఆ ఏడుపు వినిపించింది.