సోకాల్డ్ చెన్నప్ప

రిటైరైన మర్నాడు పొద్దున చెన్నప్ప కాఫీ లోటా చేతిలో పట్టుకొని, పెండ్లాన్ని "ఓ సోకాల్డ్ వెంకటలక్ష్మమ్మా" అని పిలిచినాడు. పొయ్యి దగ్గర కూర్చున్న ఆయమ్మ తల తిప్పి, "ఏమప్పా, పిలుపు కొత్తగా ఉండాదే" అనింది. ఆయప్ప మీసం దువ్వుకుంటా నవ్వినాడు. నిన్నటి మీటింగు ఇంకా ఆయప్ప తలలోనే తిరుగుతా ఉండాది.

మీటింగంటే ఊరికే మీటింగు కాదు. బంగారు మైను ఆఫీసు ముందర షామియానా వేసి, మేనేజరు మొదలుకొని ఆఫీసర్లందరూ వచ్చి కూర్చున్నారు. భూమి కింద దుంగలు నిలబెట్టి, పైన రాయి మనుషుల మీద పడకుండా చూసే టింబర్‌మ్యాన్ పని చెన్నప్పది. ఆ పనిలోనే నడుం వంగిపోయిన మనిషికి శాలువా కప్పినారు, దండ వేసినారు. అదంతా మామూలే, అందరికీ చేసేదే. అసలు గొప్ప ఏమంటే, ఆయప్పతో మైనులో పని చేసే స్నేహితుడు అంతోని మైకు పట్టుకొని ఇంగ్లీషులో మాట్లాడినాడు. తెలుగులో నాలుగు మాటలు చెప్పరాదా అంటే వినే రకమా వాడు. చెన్నప్ప ఎంత పెద్ద మనిషో ఆఫీసర్లకు అర్థం కావాలంటే ఇంగ్లీషే కావాలన్నాడు. వారం పొడుగూ అద్దం ముందర నిలబడి బట్టీ పట్టి నా ప్రాణం తీసినాడని వాని పెండ్లాం జెసింతా కూలీల ఇండ్ల లైన్లో కనబడినోళ్ళకంతా చెప్పింది.

చెన్నప్పకు ఇంగ్లీషు రాదు. కానీ 'మిస్టర్ సోకాల్డ్ చెన్నప్ప' అనేది మాత్రం చెవిలో పడింది, అదీ మాటమాటకూ. 'సోకాల్డ్ బ్రదర్' అన్నాడు. 'సోకాల్డ్ సేవియర్ ఆఫ్ మై లైఫ్' అన్నాడు. ముందు వరసలో ఆఫీసర్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వినారు. సంతోషంతో నవ్వుతా ఉండారనుకొని ఆయప్ప కూడా నవ్వి, లేచి అందరికీ దండం పెట్టినాడు.

కూతురు నాగవేణి కోలారు కాలేజీలో బి.ఎ. చదువుతా ఉండాది. నిన్న మీటింగులో తలకాయ వంచుకొని కూర్చునింది, ఇంటికొచ్చినాక కూడా పలకలేదు. ఇప్పుడు నాయన నోట ఆ మాట వినేటప్పటికి ఉండబట్టలేకపోయింది.

"అప్పా, ఆ మాట అనొద్దు."

"ఏం, ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే అంటే ఏమమ్మా? అంత చదువు చదువుతా ఉండావు, అర్థం చెప్పు."

ఆ పిల్ల నేల చూస్తా చెప్పింది. "సోకాల్డ్ అంటే పేరుకు మాత్రమే అని. ఒకరు ఏదో చెప్పుకుంటారు, మనకు అది నిజమని నమ్మకం లేదనుకో, అప్పుడు ముందర ఆ మాట తగిలిస్తారు. సోకాల్డ్ డాక్టరంటే, డాక్టరునని చెప్పుకుంటా తిరిగేవాడు."

"మరి వాడు నన్నేమో అన్నాడే, లైఫ్ అని?"

నాగవేణికి చెప్పక తప్పలేదు. "ప్రాణం కాపాడినానని చెప్పుకుంటా తిరిగేవాడు అని."

చెన్నప్ప లోటా కింద పెట్టేసినాడు. ఇంగ ఆ పొద్దు కాఫీ తాగలేదు.

ఆ మాట వేరే ఎవరి మీద పడినా దులుపుకొని పోతారు. చెన్నప్పకు మాత్రం సరిగ్గా నొప్పి ఉండే చోటే తగిలింది. ఎందుకంటే, చాన్నాళ్ళ కిందట మైనులో రాయి పగిలి సొరంగం కూలినప్పుడు అంతోని దాని కింద పడినాడు. పక్క సొరంగంలో ఉన్న చెన్నప్ప చీకట్లో ఒక్కడే పరిగెత్తి, ఉత్త చేతులతో రాళ్ళు లాగి, తెలివి తప్పినవాన్ని బయటికి ఈడ్చి, తానూ పక్కనే కూలబడినాడు. అంతలో రెస్క్యూ టీమోళ్ళు లైట్లు పట్టుకొని వచ్చి, ఇద్దరినీ పైకి మోసుకుపోయినారు. చూసినోళ్ళు ఎవరూ లేరు. టీములో నంజుండప్ప మేమే తీసినామని చెప్పినాడు, మేనేజరు చేతుల మీద మెడల్ కూడా తీసుకున్నాడు. చెన్నప్ప కూడా పక్కనే పడిపోయి ఉన్నాడు, ఇప్పుడు గొప్పలు చెప్పుకుంటా ఉండాడని కొందరు టీ అంగట్లో నవ్వినారు. ఎవరేమనుకుంటే నాకేమి, అంతోనికి తెలుసు, అది చాలు అని చెన్నప్ప ఇన్నేండ్లూ ధైర్యంగా ఉన్నాడు. వాన్ని మాత్రం ఒక్కసారీ అడగలేదు. వాడూ ఆ సంగతి ఎత్తలేదు.

ఇప్పుడు ఆ అంతోనే, అందరి ముందర, మైకులో అనేసినాడు గదా.

దినామూ సాయంత్రం ఇద్దరూ కలిసి టీ తాగేది. చెన్నప్ప పోవడం మానేసినాడు. అంతోని వచ్చి వాకిట్లో పిలిస్తే, నిద్రపోతా ఉండానని చెప్పమన్నాడు. మల్ల వస్తే కడుపు నొప్పన్నాడు. వెంకటలక్ష్మమ్మకు రేగింది. "ఆదివారం లారీ వస్తాది. కంపెనీ ఇల్లు వదిలి, సామాన్లు ఎత్తుకొని మన ఊరు సుగటూరుకు పోతాము. ఈ మొగం పెట్టుకొనే పోతావా? పోయి నేరుగా అడిగి కడిగేయరాదా?" అనింది.

అడగొచ్చు. అడిగితే, వాడు అవునప్పా, నాకూ అనుమానమే అంటే? ఆ భయం చెన్నప్ప పెండ్లానికి కూడా చెప్పలేదు.

శనివారం సాయంత్రం అంతోని ఎవరినీ అడగకుండా నేరుగా లోపలికి వచ్చి, కట్టిపెట్టిన పరుపు మీద కూలబడినాడు. "కడుపు నొప్పా, నా మీద కోపమా? ఏదో ఒకటి చెప్పు" అన్నాడు. చెన్నప్ప గోడ దిక్కు తిరిగినాడు. ఇంగ నాగవేణే నోరు తెరిచింది.

"మామా, సోకాల్డ్ అంటే ఏమనుకొని చెప్పినావు?"

అంతోని మొగం వెలిగిపోయింది. "బాగుండిందా? అది మామూలు మాట కాదమ్మా. మైనులో దిగక ముందర నేను మైను క్యాప్టెన్ దొర బంగళాలో తిండి వడ్డించే టేబుల్ బాయిని గదా. మైను తెల్లోళ్ళ చేతిలోంచి గవర్మెంటు చేతికి వచ్చిన కొత్తలో, ఆ దొర బ్రెడ్డు తింటా మేడమ్మతో ఎప్పుడూ ఒకటే మాట. సోకాల్డ్ గవర్మెంటు, సోకాల్డ్ డైరెక్టరు, సోకాల్డ్ మినిస్టరు. అంతా పెద్దోళ్ళకే. నన్ను ఒక్కనాడన్నా సోకాల్డ్ అంతోని అన్నాడా? ఒట్టి అంతోని, అంతే. మనం శ్రీ అంటాము, వాళ్ళు సోకాల్డ్ అంటారు. ఆ మర్యాద మన చెన్నప్పకు ఎందుకు ఉండకూడదని దాచిపెట్టుకున్నాను."

నాగవేణి కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది, కండ్లలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. వెంకటలక్ష్మమ్మ కూడా గోడకు ఆనుకొని నవ్వింది. ఆ పిల్ల అసలు అర్థం చెప్పేటప్పటికి అంతోని "అయ్యో, అంతమంది ముందర నిన్ను నేను..." అని తల పట్టుకున్నాడు. పాపం, వాన్ని చూస్తే ఎవరికైనా జాలేసేది.

చెన్నప్ప నవ్వలేదు. మాటలో తప్పేదో తేలిపోయింది, సరే. కానీ ఆ మాట లోపల కెలికింది అట్లనే ఉండాది. ఇప్పుడు అడగకపోతే ఇంగ ఎప్పుడూ అడగలేననిపించింది.

"అంతోనీ, ఆ పొద్దు నిన్ను రాళ్ళలోంచి తీసింది ఎవరు?"

"ఇదేమి ప్రశ్నప్పా? నువ్వే."

"నీకెట్ల తెలుసు? నీకు తెలివి లేదు. ఎవరన్నా చూసి చెప్పినారా?"

"ఎవరు చెప్తారు? నంజుండప్పే ఆస్పత్రికి వచ్చి మంచం పక్కన నిలబడి, నిన్ను తీసింది మేమేరా అన్నాడు. అబద్ధాలు చెప్పొద్దు పోప్పా అని పంపేసినాను."

"అప్పటికి నేనొచ్చి నీకు చెప్పినానా?"

"నువ్వు ఇంకా రానే లేదు."

"మరి?"

అంతోనికి విసుగొచ్చింది. "నువ్వు కింద ఉండావని తెలుసు గదా. నువ్వు కింద ఉండంగా, నన్ను ఇంగొకరు వచ్చి తీసేదాకా ఊరుకుంటావా? దీంట్లో అడిగేదానికేముండాది?"

చెన్నప్ప తువ్వాలు మొగానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతా ఉంటే అంతోని గాబరాగా లేచి వచ్చి, వీపు మీద చెయ్యేసి, "తప్పయిందప్పా, ఇంగ ఇంగ్లీషు జోలికి పోను, ఏడవద్దు" అని బతిమాలుతా ఉన్నాడు. చెన్నప్ప అది కాదని తల ఊపినాడు. వాని చెయ్యి పట్టుకొని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.