దిబ్బ కింద మనిషి

ట్యాంకరు నిండి మూత సందుల్లోంచి నీళ్లు కారడం మొదలయ్యాక ఏకాంబరం బోరు ఆపి, లుంగీ మోకాళ్ల పైకి ఎగ్గట్టి, రబ్బరు గొట్టాన్ని చుట్టి భుజాన వేసుకున్నాడు. ఇరవై రెండేళ్లుగా అదే భుజం. గొట్టం ఒరిపిడికి అక్కడి చర్మం నల్లగా కాయకట్టింది. మనిషి పొట్టి. ఎండకు మాడిన ముఖం, పళ్ల మధ్య పెద్ద సందు. పెళ్లిళ్లకూ ఇళ్ల పునాదులకూ ట్రాక్టరుతో నీళ్లు తోలడం అతని బతుకు. ఏడాదికొకసారి చంద్రగిరి దాటాక ఉన్న బీడులో మట్టిదిబ్బల మీంచి బైకులు ఎగిరించే మోటోక్రాస్ పోటీ జరిగితే, దుమ్ము లేవకుండా ఆ మట్టిదారి తడపడానికి పిలుస్తారు. పోటీ ఈ రోజే.

బీడుకు పోయే ముందు, ఎప్పటిలాగే, దానికి కనుచూపు దూరంలోనే ఉన్న కాలనీ చివరింటి ముందు ట్రాక్టరు ఆపి రెండు డ్రమ్ముల్లోకి గొట్టం వదిలాడు. అది కుప్పయ్య ఇల్లు. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి మేకలు తోలినవాళ్లు. ఎనిమిదేళ్లుగా కుప్పయ్యకు నడుము కింద స్పర్శ లేదు. లోపలి గదిలో మంచం మీదే అన్నీ. ఆ గదిలోకి ఏకాంబరం ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. నీళ్లు నిండేదాకా వాకిట్లోంచే మాట్లాడి వెళ్లిపోతాడు. ఎందుకని కుప్పయ్య అడగలేదు.

"ఏమిరా, పోతాండావా?" లోపలి నుంచి గొంతు వినిపించింది.

"ఊఁ."

"పెద్ద దిబ్బ మింద కొంచెమే సల్లు. జారి పడతారు పిల్లోళ్లు."

"నాకు తెలీదా?"

"ఈ పొద్దు అభిమానులు మైకులో మాట్లాడతారంట గదరా. మరిచిపోలేంది ఏముంటే అది సెప్పాలంట. పవిత్ర ఫోన్లో సూపించినాది. నన్నడిగితే సెప్దును. ఆ బండిని కింద నించి సూసినోణ్ణి నేనొక్కణ్ణే. సక్రం ఆకాశంలో తిరగతా ఉండాది, మన్ను రాలతా ఉండాది... అంత సొగసు మళ్లా సూడలేదురా."

ఏకాంబరం "సాల్లే" అని గొట్టం లాగేశాడు. నీళ్లు కాళ్ల మీద చింది చెప్పులు తడిశాయి. వసారాలో మిషను తొక్కుతున్న కుప్పయ్య కూతురు పవిత్ర, "టీ తాగి పో పెద్దనాయనా" అంది. అతను వినిపించుకోలేదు.

పది గంటలకల్లా బీడు జనంతో నిండిపోయింది. తిరుపతి నుంచి, చిత్తూరు నుంచి, గూడూరు నుంచి కూడా వచ్చారు. కాలిన ఆయిలు కంపు, తెరిచి పారేసిన బిర్యానీ పొట్లాల పులిసిన వాసన, దాని మీద ఈగలు. తడిపిన మట్టి మీద గుట్కా ఉమ్ములు ఎర్రగా పడుతున్నాయి. ట్యాంకరు చాటున ఒకడు చక్రం మీదే ఉచ్చ పోస్తున్నాడు. ఏకాంబరం కసిరితే పళ్లికిలించి, పని ముగించుకునే కదిలాడు. బండ్లు దిబ్బ మీంచి ఎగిరిన ప్రతిసారీ తాడు కట్టిన చోట జనం ఒకరినొకరు తోసుకుంటూ ముందుకు వంగుతున్నారు. ఎగిరితే అరుపులు. ఎవడైనా పడితే అంతకు రెండింతలు. పడినవాడు లేచి నడిస్తే, వాళ్ల ముఖాల్లో ఏదో తక్కువైనట్టు ఒక నీరసం. ఏకాంబరం అది చూసి ముఖం తిప్పుకున్నాడు.

మధ్యాహ్నం పోటీకి విరామమిచ్చి అభిమానులను వేదిక ఎక్కించారు. మొదట మైకు అందుకున్నది బాలచంద్ర అనే అతను. రేసు బొమ్మల చొక్కా, చెమటకు అంటుకున్న పొట్ట.

"ఎనిమిదేండ్ల కింద పెద్ద దిబ్బ మింద ఆ జంపన్నా! బండి గాల్లో పోయి పోయి అవతల పడినాది. కింద ఎవడో ఉన్నట్టుండాడు, బంతి మాదిరి ఎగిరినాడు. రైడరు మాత్రం లేచి, దుమ్ము దులుపుకోని, రేసు ముగించినాడు. సచ్చేదాకా మరిచిపోను!"

జనం పగలబడి నవ్వారు. తర్వాతివాడూ అదే చెప్పాడు. మూడోవాడు ఆ ఎగిరిపడడాన్ని చేతులతో అభినయించి చూపించాడు.

ఏకాంబరం నోట్లో ఉమ్మి చేదుగా మారింది. ఆ రోత వాళ్ల మీద మాత్రమే అయితే బాగుండేది. ఆ రోజు తాను ట్యాంకరు మీద కూర్చుని ఉన్నాడు. బండి లేవగానే రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాడు. అది దిబ్బ అవతల పడింది. రైడరు లేచి నిలబడ్డాడు. రెండో ఈల వేశాడు. పడినవాళ్లుంటే వెనక వచ్చే బండ్లకు పసుపు జెండా ఊపడానికి దిబ్బ కింద కుప్పయ్య నిలబడి ఉన్నాడన్న సంగతి ఆ తర్వాతే గుర్తొచ్చింది.

ఎప్పుడు కదిలాడో అతనికే తెలియదు. మట్టికాళ్లతో వేదిక ఎక్కాడు. వ్యాఖ్యాత నవ్వుతూ, "పెద్దాయన కూడా అభిమానే! చెప్పండి, మీ మరపురాని జ్ఞాపకం?" అని మైకు ఇచ్చాడు.

"ఆ కిందున్నోడు ఎవడో కాదప్పా. కుప్పయ్య." తన గొంతు బీడంతా మోగి, కొండకు తగిలి వెనక్కి రావడం విని ఒక క్షణం ఆగాడు. "వాడి నడుం ఇరిగినాది. ఎనిమిదేండ్లుగా లేసిందే లేదు. వాడు బండి కింద పడుంటే నేను ఈల ఏసినాను. ఒగటి గాదు, రెండు. వానికి ఇంతవరకూ సెప్పలేదు."

వ్యాఖ్యాత తడబడి, "మన ట్యాంకరు తాతకు గట్టిగా చప్పట్లు!" అన్నాడు. చప్పట్లు కొట్టారు. వెనక నుంచి ఎవడో ఈల కూడా వేశాడు. చేతిలో పెట్టిన బహుమతి పొట్లాన్ని ఏకాంబరం అక్కడే వదిలి కిందికి దిగాడు. ట్యాంకరు చాటుకు పోయి, పొద్దున తిన్న సంగటి మొత్తం కక్కుకున్నాడు. మూతి కడుక్కుని, ట్యాంకరులో ఇంకా సగం నీళ్లున్నా, ఎవరో పిలుస్తున్నా వినకుండా ట్రాక్టరు తీశాడు.

మైకులో చెప్పినది కుప్పయ్య ముందు కూర్చుని చెప్పాలి. ఈసారి లోపలికి పోయే చెప్పాలి. దారంతా అదే అనుకుంటూ వచ్చాడు.

వాకిట్లో చెప్పులు ఎక్కువగా ఉన్నాయి. మిషను ఆగి ఉంది. పవిత్ర గడపకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

"మైకులో నీ మాట ఈడికి బాగా ఇనపడినాది పెద్దనాయనా."

అతను తల దించుకున్నాడు.

"నాయన నవ్వినాడు. 'ఆ ఈల వీడిదేనని నాకప్పుడే తెలుసు మ్మే. పండ్ల సందులో నుంచి అట్ల కూత పెట్టేది వీడొక్కడే. కింద పడుండి కూడా ఇన్నాను' అన్నాడు. దాన్ని మోసుకోనే వాకిట్లో నిలబడినాడా ఇన్నేండ్లూ అని మళ్లా నవ్వినాడు. నీళ్లు తెమ్మన్నాడు. తెచ్చేలోపల..." చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఏకాంబరం చెప్పులు విడిచి, వసారా దాటి, గదిలోకి పోయాడు. మందుల వాసన, పాత పక్కల వాసన. కుప్పయ్యను గడ్డం దాకా తెల్లగుడ్డ కప్పి పడుకోబెట్టారు. తలాపున నేల మీద కూలబడి మంచం కోడుకు తల ఆనించాడు. అక్కణ్ణుంచి చూస్తే వెనక కిటికీ కనిపించింది. దాని ఊచకు ఇనుప తీగతో కట్టిన బండి పక్కద్దం ఒకటి, పడుకున్నవాడి కళ్లకు అందేలా వంచి ఉంది. అందులో అరచేయంత బీడు, దాని మధ్య పెద్ద దిబ్బ.