ఒంటిచేతి ముడి

నెవెనాకు పుట్టుకతోనే ఎడమ చెయ్యి మోచేతి దగ్గర ఆగిపోయింది. బితోలాలోని శిక్షణ కళాశాలలో చేరి, చిన్నపిల్లల బడిలో టీచరవ్వాలన్నది ఆమె పట్టుదల. కిందటేడు ఇంటర్వ్యూలో "ఆరోగ్యం చాలదమ్మా" అని పంపేశారు. ఆరోగ్యమట! ఏడాది పొడుగునా తుమ్మైనా తుమ్మని పిల్ల. ఈసారీ కాదంటే వయసు దాటిపోతుంది, ఇక ఆశ వదులుకోవాల్సిందే.

ఈ ఇంటర్వ్యూలోనూ బల్లకు అటుపక్క కిందటేడు కూర్చున్న ప్రొఫెసర్ క్రుమేనే. మనిషి మంచివాడే కానీ, పొట్ట ఆయనకన్నా ముందు గదిలోకి వస్తుంది.

"గదినిండా పిల్లలు. ఇంటికెళ్ళే వేళ. అందరి బూట్లకీ లేసులు కట్టాలి. ఒక్క చేత్తో ఎలా కడతావమ్మా?"

నెవెనాకు ఒళ్ళు మండింది. అయినా నవ్వింది. "నేనెందుకు కడతానండీ? వాళ్ళకే నేర్పుతాను. ఇంతకీ మీవి ఎవరు కడతారు సార్?"

ఎత్తిపొడవాలని కాదు. ఆయన బూటు లేసు నేలమీద పాకుతుంటే చూసి అడిగేసింది.

"ఫనియా... మా ఆవిడ" అని గొణిగాడాయన.

ఆయన పక్కన కూర్చుని ఇంటర్వ్యూ చేస్తున్న ల్యూబా మేడమ్ పకపకా నవ్వింది. "అయ్యో క్రుమే! మరి నువ్వెలా టీచరయ్యావయ్యా? నిన్నెవరూ అడగలేదా? ఇందాక ఇంటర్వ్యూకి వచ్చిన పిల్లనీ అడగలేదే మనం!"

"వంగితే పొట్ట అడ్డం! రెండు చేతులూ కలిసి చావవు."

"రెండెందుకు సార్?" నెవెనా లేచి వచ్చింది. "కాలు కుర్చీమీద పెట్టండి. ఒక్క చెయ్యి పక్కనుంచి పోనివ్వండి."

లేసు ఊడదీయించి, ఒక కొసకు ముడి వేయించింది. రెండో కొసను రంధ్రాల్లోంచి అల్లించి, చివర లోపలికి దోపించింది. తను మాత్రం ముట్టుకోలేదు. ఆయనకు చెమటలు పట్టాయి, విసుక్కున్నాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. చివరికి లేసు బిగిసింది. ప్రొఫెసర్ గారు పసివాడిలా కాలు ఊపుతూ అందరికీ చూపించారు.

"ఏమంటావు, సీటిద్దామా?" అంది ల్యూబా.

"ఇవ్వకపోతే రెండో బూటు ఎవరు నేర్పుతారు?"

నెవెనా మెట్లన్నీ పరుగున దిగింది.

సెప్టెంబరులో, తరగతులు మొదలైన రోజు, ఊరంతా ఎర్ర బుంగమిరపకాయలు కాల్చే వాసన. గేటు దగ్గర ఒకావిడ నెవెనాను ఆపి, ఇంకా వెచ్చగా ఉన్న పచ్చడి సీసా చేతిలో పెట్టింది.

"నేను ఫనియానే తల్లీ. ఇన్నేళ్ళకి పొద్దున కాఫీ వేడిగా తాగుతున్నాను. చొక్కా బొత్తాలెప్పుడు నేర్పుతావు?"